వెనక హుక్కు

జూన్ 4, బుధవారం

నలభై నిమిషాలు. గడియారం చూసే రాస్తున్నాను, ఎక్కువ చేసి చెప్పడం లేదు. ఒక్క బ్రా హుక్కు పెట్టుకోవడానికి నలభై నిమిషాలు పెనుగులాడాను. అదీ పడలేదు. చివరికి దాన్ని మంచం మీద విసిరేసి, లోపల ఏమీ లేకుండా రెండు చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, వాటి మీద తెల్లకోటు వేసుకుని పనికి పోయాను. రోజంతా భుజాలు ముందుకు ముడుచుకునే నడిచాను. "ఏమ్మా, నడుం పట్టేసిందా?" అని అడిగారు ల్యాబ్ పెద్దాయన. అవునన్నాను. నడుమైతే చెప్పుకోవచ్చు.

ఎప్పుడూ డైరీ రాసిన దాన్ని కాదు. ఇది ఎవరో మందుల కంపెనీ వాళ్ళు ల్యాబ్‌లో పంచిపెట్టిన పుస్తకం. చెల్లికి ఫోన్ చేద్దామా అనుకున్నాను. ముందు నవ్వుతుంది, తర్వాత ఏడుస్తుంది. రెండూ నాకు వద్దు. మాకు పిల్లల్లేరు. ఇంట్లో ఉన్నది ఆయన ఒక్కడే. ఆయనతో చెప్పేదేముంది.

కీళ్ళవాతం అని డాక్టరు పేరు పెట్టింది మొన్న చలికాలంలో. అంతకుముందు ఒట్టి నొప్పే. పేరు పెట్టాక ఇంట్లో మనిషైపోయింది.

ఇవాళే ఇంకో కాగితం కూడా వచ్చింది. ఆసుపత్రి వెనకున్న క్వార్టర్లలో నాకు గది ఇచ్చారు. నాలుగేళ్ళ కిందట పేరు రాయించుకున్నాను. ఆగస్టు ఒకటికల్లా చేరకపోతే జాబితాలో నా తర్వాత ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తారు. ఒకే మనిషికి సరిపడే గది. గది వచ్చిన రోజున ఈ ఇంట్లోంచి లేచి వెళ్ళిపోతానని నాలుగేళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటూ వస్తున్నాను. గది వచ్చింది. హుక్కు పడలేదు.

కాగితం దుప్పట్ల కింద పెట్టాను.

జూన్ 5

ఇవాళ పడింది. ఇరవై నిమిషాలే. నిన్న ముసురు వల్ల అయ్యుంటుంది.

జూన్ 7

పడలేదు. ఎండగానే ఉంది.

జూన్ 9, సోమవారం

అడిగేశాను.

ఏడు కావొస్తోంది. ఆయన వంటింట్లో తన అన్నం డబ్బా కడుక్కుంటున్నాడు. ఏడున్నరకి నా బస్సు. తువ్వాలు ముందుకు కప్పుకుని, వీపు ఆయన వైపు పెట్టి గుమ్మంలో నిలబడ్డాను. ముఖం చూస్తూ అడగడం నా వల్ల కాదు.

"కాస్త ఇది పెట్టండి."

"ఏది?"

"కళ్ళు కనబడవా? ఇదే."

నిజంగానే కనబడవు పాపం. అద్దాల కోసం పడగ్గదిలోకి వెళ్ళాడు, ఆయన పడగ్గదిలోకి. నేను గోడని చూస్తూ, రెండు పట్టీలనీ మణికట్లతో అదిమిపట్టుకుని నిలబడ్డాను. తిరిగొచ్చాడు. తడిచేతులు తుడుచుకున్న చప్పుడు వినబడింది. వడ్రంగి చేతులు, చిత్రిక పట్టని చెక్కలా ఉంటాయి. వార్నిష్ వాసన. ఆ చేతులు నాకు తగిలి ఎనిమిదేళ్ళు.

"ఏ వరసలో పెట్టాలి?"

మూడు వరసలుంటాయి. ఆ మాట అడుగుతాడని నేననుకోలేదు.

"చివర్ది. వదులుగా."

"ఇవి చేసినవాడికి వేళ్ళుండవు కాబోలు," అని గొణిగాడు. ఒకటి జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. రెండూ పడ్డాయి.

"అయింది."

పెళ్ళైన కొత్తలో ఇదే హుక్కు తీయడానికి ఈయన పడ్డ కంగారు గుర్తొచ్చి బస్సులో నవ్వొచ్చింది. పక్కసీట్లో ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఆ తర్వాత నవ్వు రాలేదు.

ఎనిమిదేళ్ళ కిందట ఈయన ఇల్లొదిలి ఇంకొకావిడ ఇంట్లో రెండేళ్ళున్నాడు. ఒక సాయంత్రం సంచి పట్టుకుని మళ్ళీ గుమ్మంలో నిలబడ్డాడు. నేను పక్కకి జరిగాను. ఎందుకెళ్ళారని అడగలేదు. ఎందుకొచ్చారనీ అడగలేదు. ఎందుకొచ్చాడో నాకు తెలుసు. నేను లేకుండా ఉండలేకపోయాడు. అంతమాత్రాన క్షమించాలని ఎక్కడా లేదు. అప్పట్నుంచీ ఆయన గది ఆయనది, నాది నాది. తలుపేశావా, పాలొచ్చాయా, ఇవే మాటలు. ఇప్పుడు వీటికి ఇంకోటి చేరింది.

జూన్ 10

అడిగాను. పెట్టాడు.

జూన్ 12

ఇవాళ అడక్కముందే అద్దాలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా వెనక్కి తిరిగాను.

ఇది అలవాటు కాదు. వేరే రకం కొనుక్కునేదాకా.

జూన్ 15, ఆదివారం

బజారుకి వెళ్ళాను. పెద్ద కొట్టు కాదు, ఆడవాళ్ళే అమ్మే చిన్న కొట్టు. గల్లా దగ్గర కూర్చున్నావిడ నా ఈడుదే.

"ఎవరికక్కా?"

"మా అక్కకి. దానికి చేతులు సరిగ్గా పనిచెయ్యవు."

నాకు అక్క లేదు.

ఆవిడ మంచిది. విసుక్కోకుండా అన్నీ కిందకి దింపింది. ముందు హుక్కులవి, ముందు క్లిప్పువి, అసలు హుక్కే లేకుండా బనీనులా తలమీంచి తొడుక్కునేవి. "మీ అక్కగారి చేతులు ఎంత పైకి లేస్తాయి?" అంది. నేను వెంటనే నా చెయ్యెత్తి చూపించాను, భుజం దాకా వచ్చి ఆగింది. ఆవిడ నా చేతి వైపు చూసింది, వాచిన వేళ్ళు చూసింది.  బనీను రకం పక్కకి తీసేసి ముందు క్లిప్పుది నా ముందు పెట్టింది. "ఇదైతే మీ అక్కగారికి కళ్ళెదురుగా ఉంటుంది."

డ్రాయర్లు కూడా మార్చమంది. సన్న ఎలాస్టిక్ అయితే లాగడానికి బొటనవేళ్ళలో బలం కావాలట. వెడల్పుగా, మెత్తగా ఉండే పట్టీ, ఒక సైజు పెద్దది, నూలుది, కుట్లు లోపల గుచ్చుకోనిది. నలభై ఎనిమిదేళ్ళు వచ్చాక డ్రాయరు ఎలా ఎంచుకోవాలో నేర్చుకున్నాను. తొడిగి చూసుకోవడానికి వీల్లేదన్నారు, లోపలి బట్టలు కదా. రెండు క్లిప్పువి, నాలుగు నూలువి తీసుకున్నాను.

"మీ అక్కగారిని జాగ్రత్తగా చూసుకోండి," అంది పొట్లం ఇస్తూ.

జూన్ 16

ముందు క్లిప్పు చాలా బావుంది. కళ్ళెదురుగానే ఉంటుంది. అలవాటు కావాలంతే.

జూన్ 19

అలవాటు కాదు. రెండు ముక్కల్నీ ఒకేసారి దగ్గరకి లాగాలి, లాగుతూ ఒకదాన్ని ఇంకోదాని కిందకి దూర్చాలి, దూర్చి నొక్కాలి. మూడు పనులకి నా దగ్గర ఒక్క చెయ్యి బలం కూడా లేదు. వెనక హుక్కు కనిపించదు కాబట్టి పడలేదని సరిపెట్టుకునేదాన్ని. ఇది నా కళ్ళ ముందే, నా గుండెల మీదే ఉండి పడట్లేదు.

పాతదే వేసుకున్నాను. ఆయన పెట్టాడు.

జూన్ 24, మంగళవారం

ల్యాబ్‌లో నన్ను దోమక్క అంటారు. పద్దెనిమిదేళ్ళుగా రక్తం తీస్తున్నాను, సూది దిగిందని తెలిసేలోపు తీసేసేదాన్ని. ఎవరో పేషెంటు "దోమ కుట్టినట్టు కూడా లేదమ్మా" అన్నాడట, ఆ పేరు అలా ఉండిపోయింది. నరం కంటికి కనబడకపోయినా చూపుడువేలి కొసకి తెలిసేది. చర్మం కింద చిన్న తాడులా ఎగిరేది.

ఇవాళ ఒక ముసలాయన చెయ్యి పట్టుకుంటే ఏమీ తెలియలేదు. రెండుసార్లు గుచ్చాను. మూడోసారి గుచ్చబోతే ఆయన నా చేతిమీద చెయ్యేసి, "నాకంటే నీకే ఎక్కువ నొప్పిగా ఉన్నట్టుంది తల్లీ," అన్నాడు.

పెద్దాయన గదిలోకి పిలిచారు. "కొన్నాళ్ళు రిపోర్టులిచ్చే కిటికీ దగ్గర కూర్చోండమ్మా. తగ్గాక చూద్దాం."

"తగ్గుతుందండీ."

"తగ్గుతుంది, ఎందుకు తగ్గదు," అన్నారు. నావైపు చూడకుండా అన్నారు.

జూన్ 28

కొట్టావిడ ఇంకో ఉపాయం చెప్పింది. క్లిప్పు కత్తిరించేసి, చెప్పులకుండే అంటుకునే పట్టీ కుట్టించి ఇచ్చింది. ఒకదానిమీద ఒకటి ఆనిస్తే చాలు, అరచేత్తో అయినా పడుతుంది. పొద్దున్న పడింది! ఆయన అద్దాలు పెట్టుకుని వస్తే "అక్కర్లేదు" అన్నాను. ఎంత తృప్తిగా అన్నానో.

పదకొండింటికి కిందపడ్డ రిపోర్టు తీయడానికి వంగాను. చర్రుమంది. హాలంతా వినబడింది. కిటికీకి అవతలున్నాయన గబుక్కున తన ప్యాంటు తడుముకుని చూసుకున్నాడు. పక్క కుర్చీలో పిల్ల నర్సు పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. బాత్రూంలోకి వెళ్ళి మళ్ళీ అంటించుకున్నాను. గంటకి మళ్ళీ చర్రుమంది. సాయంత్రానికి చర్మం దద్దురెక్కింది.

జూలై 2, బుధవారం

ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. మన ఆసుపత్రి పిల్లే, అక్కలేని అక్క కథ చెప్పక్కర్లేకపోయింది. బట్టలు నిలబడి కాదు, మంచం మీద కూర్చుని వేసుకోవాలట. లేవగానే వేళ్ళు బిగుసుకుని ఉంటాయి కాబట్టి గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు ఉంచి అప్పుడు మొదలెట్టాలట. నొప్పెక్కువున్న చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు అది చివర.

"ఇంట్లో సాయం ఎవరున్నారు మేడం?"

"ఒక మనిషున్నాడు."

"మరి ఇంకేం. ఎందుకు ఇబ్బందిపడతారు?"

ఆ పిల్లకి పాతికేళ్ళుంటాయి. ఏం చెప్తాం.

జూలై 6, ఆదివారం

నా మంచం మీద ఒక కర్ర ఉంది. మూరెడు పొడుగు, బొటనవేలంత లావు. నున్నగా పాలిష్ పట్టి ఉంది. ఒక కొసన కొక్కెం, రెండో కొసన పిడి. పిడి బాగా లావుగా, నా వేళ్ళు పూర్తిగా మూసుకోవని తెలిసినవాడు చేసినట్టుంది.

"ఏంటిది?"

"కర్ర."

"అది కనిపిస్తోంది."

"కాళ్ళ దగ్గరున్నదాన్ని వంగకుండా పైకి లాక్కోవచ్చు. డ్రాయరైనా, ఏదైనా."

డ్రాయరు అన్న మాట ఆయన నోట విని సిగ్గేసింది, ఎందుకో తెలీదు. చేసి చూశాను. మంచం మీద కూర్చుని, కొక్కేనికి నడుంపట్టీ తగిలించి, పాదాలు దూర్చి లాగితే మోకాళ్ళ దాకా వచ్చేసింది. రెండు నిమిషాలు. వేళ్ళతో పనే లేదు.

హాల్లోకి వచ్చాను. బాగుందని చెప్పాలా వద్దా అని నిలబడ్డాను. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా అన్నాడు:

"వెళ్ళేటప్పుడు అది మర్చిపోకు."

"ఎక్కడికి?"

"నీ గదికి. క్వార్టర్లకి."

కాగితం దుప్పట్ల కిందే ఉంది. ఆయన వెతకలేదట. రెండో కాపీ పోస్టులో ఇంటికి వచ్చిందట, నెల కిందటే. విప్పి చదివి మళ్ళీ అంటించి పెట్టాడట, నేనే చూసుకోలేదట.

వద్దనలేదు. ఎందుకనీ అడగలేదు. ఉండమని ఒక్క మాటంటే ఉండనని చెప్పడానికి నాలుగేళ్ళ నుంచి మాటలు పోగేసుకున్నాను. ఒక్కటి కూడా వాడుకోనివ్వలేదు. కూర్చుని కర్ర చెక్కాడు.

జూలై 7

వెళ్తాను. ఖచ్చితంగా వెళ్తాను.

జూలై 13, ఆదివారం

దొరికింది!

చెల్లికి చెప్పేశాను చివరికి. నవ్వింది, ఏడ్చింది, రెండూ అయ్యాక పనికొచ్చే మాట చెప్పింది. పురుడు పోసుకున్నప్పుడు తను వాడిన రకం. హుక్కుల్లేవు, క్లిప్పుల్లేవు, బాగా సాగే మెత్తటి గుడ్డ. నా చేతులు పైకి లేవవే అంటే, "తలమీంచి ఎవరు తొడుక్కోమన్నారే? కాళ్ళ నుంచి తొడుక్కో," అంది. అంటే డ్రాయరులాగానే. కాళ్ళు దూర్చి, తుంటి మీదుగా పైకి లాగి, పైకొచ్చాక భుజాలకి పట్టీలు ఎక్కించుకోవడం.

కొట్టుకెళ్ళి రెండు సైజులు పెద్దది తెచ్చాను. కర్రతో లాగాను. ఎనిమిది నిమిషాలు! అద్దంలో చూసుకుంటే ఏమంత అందంగా లేను, మూటకట్టినట్టున్నాను. అయితే ఏం, నేను కట్టిన మూట.

జూలై 18

వరసగా అయిదో రోజు. నేనే.

పొద్దున్న ఆయనతో చెప్పాను. "ఇక మీ అవసరం లేదు."

"మంచిది," అన్నాడు. అద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత కాసేపు ఏం చెయ్యాలో తెలీనట్టు వంటింట్లోనే నిలబడ్డాడు. నాకెందుకు.

ఆగస్టు 1, శుక్రవారం

వచ్చేశాను.

రెండో అంతస్తు, చివరి గది. మంచం, బల్ల, గోడలో అలమార. కిటికీలోంచి ఆసుపత్రి దుప్పట్లు ఆరేసిన దండేలు కనిపిస్తాయి. కొళాయి తిప్పడం కష్టం, మోచేత్తో తిప్పుతున్నాను. తలుపు గడియ కూడా గట్టిదే. సామాన్లు ఆయనే రిక్షాలో వేయించి పైకి మోశాడు. దింపాక, "మంచం కాలు ఊగుతోంది, బిగించి వెళ్ళనా?" అన్నాడు. వద్దన్నాను. వెళ్ళిపోయాడు.

మంచం కాలు నిజంగానే ఊగుతోంది.

ఆగస్టు 4

ఎవరి దగ్గూ వినబడదు. ఎవరి డబ్బా చప్పుడూ వినబడదు. హాయిగా ఉంది. తొమ్మిది నిమిషాలు పట్టింది ఇవాళ.

ఆగస్టు 6

పదిహేను. ముసురు.

ఆగస్టు 7

ఇరవై అయిదు.

ఆగస్టు 9, శనివారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ కూడా కుడిచెయ్యి మాత్రమే, అదీ పెన్నుకి గుడ్డ చుట్టి.

మూడు రోజులుగా వాన. నిన్న లేచేసరికి మణికట్లు మోచేతులంత లావున్నాయి. నీళ్ళలో పెట్టాను. తగ్గింది అనుకున్నాను. స్నానం చేశాక ఒళ్ళు సరిగ్గా తుడుచుకోలేకపోయాను. తడి మీదే లాగాను. అక్కడే తప్పు చేశాను. తుంటి దాటింది, నడుం దాటింది, తర్వాత గుడ్డ చుట్టచుట్టుకుపోయి చంకల కింద తాడులా బిగిసింది. ఎడమచెయ్యి పట్టీలో దూరింది, మోచెయ్యి దగ్గర ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. కుడిచేత్తో లాగుదామంటే వేళ్ళకి పట్టు చిక్కట్లేదు. క్లాసులో జవాబు తెలిసిన పిల్లలా ఒక చెయ్యి పైకెత్తుకుని గది మధ్యలో నిలబడ్డాను.

ఆరున్నర అప్పుడు. ఎవర్ని పిలవను? ఈ అంతస్తులో మిగతా మూడు గదులూ అంబులెన్సు డ్రైవర్లవి. మగవాళ్ళు. పై అంతస్తు నర్సు రాత్రి డ్యూటీలో ఉంది. ఎనిమిదికి వస్తుంది. చెల్లి ఊరు ఆరు గంటల దూరం. మంచం మీద కూర్చుందామంటే చెయ్యి గోడకి తగిలి ప్రాణం పోతోంది. నిలబడే ఉన్నాను. వేళ్ళు నీలంగా అవుతున్నాయి. ఎంతమంది చేతులకి పట్టీ బిగించి ఉంటాను నేను, రక్తం తీయడానికి. నిమిషం దాటి ఉంచకూడదని కొత్తపిల్లలకి నేనే నేర్పాను.

ఏడుంపావుకి ఫోను బల్ల మీదే పెట్టి వేలి కణుపుతో నొక్కాను.

"నేను," అన్నాను.

"వస్తున్నా," అన్నాడు. ఏమైందని అడగలేదు.

మోచేత్తో గడియ ఎత్తి ఉంచాను. అది ఎత్తడానికే పది నిమిషాలు. వానలో సైకిల్ మీద వచ్చాడు. తలుపు తోసి, నన్ను చూసి, వెంటనే తలుపేశాడు. నేను ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు, చలేసింది.

"కత్తెర ఏది?"

"లేదు. నేను పట్టుకోలేను కదా, కొనలేదు."

జేబులోంచి చెక్క మీద గీతలు గీసుకునే చిన్న కత్తి తీశాడు. చంక దగ్గర తన వేలు అడ్డం పెట్టి, గుడ్డ కిందకి కత్తి దూర్చాడు.

"కదలకు."

"మీ తల్లోంచి నీళ్ళు కారుతున్నాయి."

"కారనీ."

 గుడ్డ టప్పున తెగింది. చెయ్యి నాది కానట్టు కింద పడింది. తువ్వాలు నామీద కప్పి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. గోడ మీద ఏమీ లేదు. అయినా చాలాసేపు చూశాడు.

"పాతవి తెచ్చుకున్నావా, వెనక హుక్కువి?"

"సంచిలో ఉన్నాయి."

తీశాడు. తొడిగాడు. హుక్కులు పెట్టాడు. ఏ వరస అని ఈసారి అడగలేదు. ఇంటికి వచ్చెయ్యమంటాడు ఇప్పుడు అనుకున్నాను. అంటే ఏమనాలో కూడా అనుకుని ఉంచుకున్నాను.

"రేపు ఎన్నింటికి రమ్మంటావు?" అన్నాడు.

 ఆరుంపావు అని నా నోరు దానంతటదే అంది.

ఆగస్టు 10

ఆదివారమైనా వచ్చాడు. కిటికీ డ్యూటీ ఉంది నాకు ఇవాళ, చెప్పలేదు, ఎలా తెలిసిందో.

ఆగస్టు 11

వచ్చాడు.

ఆగస్టు 12

వచ్చాడు. పది నిమిషాలు ముందే వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడట. డ్రైవర్లలో ఒకాయన "మీ ఆయన భలే మనిషండీ, ఈ రోజుల్లో ఎవరొస్తారు" అన్నాడు. అవునన్నాను.

ఆగస్టు 14, గురువారం

అడక్కుండా ఉండాల్సింది.

వీపు ఆయన వైపు ఉన్నప్పుడు మాట్లాడటం సులువు. అందుకే ఇన్నేళ్ళు ముఖాముఖి అడగలేనిది బయటికి వచ్చేసింది.

"ఆవిడకి కూడా ఇలాగే పెట్టేవారా?"

చేతులు ఆగాయి.

"ఎవరికి?"

"ఎవరికో మీకు తెలుసు."

"లేదు," అన్నాడు. పట్టీలు మళ్ళీ అందుకుని, "ఆవిడ చేతులు బాగానే ఉండేవి," అన్నాడు. కావాలని అన్న మాట కాదు. ఉన్నది చెప్పాడు.

"మరి ఎందుకొచ్చేశారు?"

నాకు జవాబు తెలిసే అడిగాను. ఆ ఒక్క మాట ఆయన నోట వినాలని. ఇన్నాళ్ళకి వింటే తప్పేముంది, ఇప్పుడు వేరే గదిలో ఉన్నాను కదా, వింటే కరిగిపోయి వెనక్కి వెళ్ళిపోనులే అనుకున్నాను.

"వచ్చెయ్యలేదు. ఆవిడే పొమ్మంది."

కింద ఆవరణలో దుప్పట్ల బండి వెళ్తున్న చప్పుడు.

"పొమ్మనకపోతే?"

ఒక హుక్కు పెట్టాడు. రెండోది పెట్టాడు.

"అయింది," అన్నాడు.

ఆయన సైకిలెక్కి వెళ్ళేదాకా వెనక్కి తిరగలేదు నేను. ఆరేళ్ళు ఈ మనిషిని క్షమించకుండా ఎంత ఠీవిగా ఉన్నాను. నా కోసం తిరిగొచ్చిన మనిషిని కదా క్షమించనిది అనుకుంటూ. ఆయన నా కోసం రాలేదు. వెళ్ళడానికి వేరే చోటు లేక వచ్చాడు. నేను పక్కకి జరిగితే లోపలికి వచ్చాడు.

రిపోర్టుల కిటికీ దగ్గర ఇవాళ ముగ్గురికి ఒకరి కాగితాలు ఒకరికి ఇచ్చాను.

ఆగస్టు 15

రావద్దని ఫోన్లో చెబుదామనుకున్నాను. పొద్దున్నే చేతులు చూసుకున్నాను. చెప్పలేదు. ఆరుంపావుకి తలుపు తీశాను. వెనక్కి తిరిగాను.

హుక్కులు పెట్టి వెళ్ళాడు.

ఆగస్టు 16, శనివారం

నాలుగున్నరకే లేచాను. వేన్నీళ్ళు కాచి చేతులు పెట్టుకున్నాను. మంచం మీద కూర్చున్నాను. నొప్పి చెయ్యి ముందు. ముందు క్లిప్పుది ప్రయత్నించాను. అంటుకునే పట్టీది ప్రయత్నించాను, ఒక వైపు కుట్టు ఊడిపోయింది. వెనక హుక్కుదాన్ని ముందుకి తిప్పి హుక్కు పెట్టుకుని మళ్ళీ వెనక్కి తిప్పుకోవచ్చని చెల్లి చెప్పింది, అదీ చూశాను. ఒక హుక్కు పడింది! రెండోది పట్టుకునేలోపు మొదటిది జారింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడేసరికి ఆరుంపావు. గంటా నలభై అయిదు నిమిషాలు. మొదలుపెట్టిన చోటే ఉన్నాను. మంచం నిండా నా లోపలి బట్టలన్నీ పరుచుకుని ఉన్నాయి.

ఆయన వాటిని చూశాడు. పక్కకి జరపకుండా, వాటి మీద కూర్చోకుండా, నిలబడే హుక్కు పెట్టి వెళ్ళాడు. తలుపు దగ్గర ఆగి ఏదో అనబోయాడు. "కాలు ఇంకా ఊగుతోంది," అన్నాడు, మంచం చూస్తూ. బిగించమని నేననలేదు, బిగిస్తానని ఆయనా అనలేదు.

ఆగస్టు 17, ఆదివారం

ఇవాళ సెలవు. ఈ ఆదివారం నాకు డ్యూటీ లేదు, ఎక్కడికీ పోయే పని లేదు. వదులు గౌను వేసుకుని, లోపల ఏమీ లేకుండా, ఎవరి సాయం లేకుండా రోజంతా ఉండొచ్చు. నిన్న రాత్రే ఆ సంగతి తలుచుకుంటే గుండెల మీంచి బరువు దిగినట్టయింది. నా బతుకులో ఇంకా నాదంటూ ఒక రోజుంది.

ఆరుంపావుకి మెట్ల మీద అడుగులు.

తలుపు సందులోంచి చూశాను. చొక్కా జేబులోంచి అద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఆదివారమని మర్చిపోయాడో, తెలిసీ వచ్చాడో. నిజం చెప్పేశాక మనిషి తేలికపడ్డట్టున్నాడు, ముఖం కాస్త తేటగా ఉంది.  ఆ మాట నా నెత్తిన పెట్టి తను హాయిగా ఎలా ఉన్నాడు.

తలుపు తీశాను.

"ఇవాళ పనికి పోవడం లేదు. అక్కర్లేదు."

"ఓ," అన్నాడు. కిందకి దిగలేదు. లోపలికీ రాలేదు. "మరి, ఊరికే కూర్చోనా కాసేపు?"

ఎనిమిదేళ్ళు నేను పోగేసుకున్న మాటలన్నీ నాలుక చివర దాకా వచ్చాయి. పొండి అంటే చాలు, పోతాడు. అంతకంటే సులువైన మాట లేదు. ఒక ఆడమనిషి అన్న ఆ మాటకే కదా ఈయన కదిలాడు.

అనేద్దామని నోరు తెరిచాను. కానీ రేపు సోమవారం.